టీజీ4: ఐర్లండ్ జాతీయ భాషలో నడిచే ఛానల్ ఎలా ఉంది?

ఒక టీవీ ఛానల్ ప్రసారాలు ఎంత దూరం అందాలన్న మాట శాంతి ఒప్పందంలోకి ఎక్కడం అరుదైన సంగతి. ఉత్తర ఐర్లండ్‌లో దాదాపు ముప్పై ఏళ్ల పాటు సాగిన హింసకు ముగింపు పలికిన 1998 నాటి గుడ్ ఫ్రైడే ఒప్పందంలో, ఖైదీల విడుదల, ఆయుధాల విసర్జన, పోలీసు వ్యవస్థ సంస్కరణ వంటి బరువైన అంశాలతో పాటు, అప్పటికి ఏడాదిన్నర వయసు మాత్రమే ఉన్న ఒక ఐరిష్ భాషా ఛానల్ ఉత్తర ప్రాంతంలో మరింత విస్తృతంగా అందే మార్గాలు వెతకాలన్న హామీ కూడా ఉంది. అప్పట్లో ఆ ఛానల్ పేరు తెలిఫీష్ నా గేల్గ. 1999లో పేరు మార్చుకుని టీజీ4 అయింది. పుట్టుకతోనే ఇంత రాజకీయ భారం నెత్తిన పడిన ఛానల్‌ను రాత్రి భోజనం చేస్తూ చూసే మామూలు ప్రేక్షకుడి వైపు నుంచి పరిశీలించడం ఈ సమీక్ష ఉద్దేశం. నేను డబ్లిన్‌లో ఉంటున్న తెలుగువాణ్ణి. పిల్లల హోంవర్క్ పక్కన కూర్చుని పట్టుబడినంత ఐరిష్ మాత్రమే నాకు వచ్చు. కనుక ఛానల్‌లో వినిపించే భాష ఎంత శుద్ధమైనదో తేల్చే అర్హత నాకు లేదు; చూడదగిన ఛానలా కాదా అని చెప్పే అర్హత మాత్రం ప్రేక్షకుడిగా ఉందనుకుంటాను.

ముందుగా ఖర్చు సంగతి. ఐర్లండ్‌లో యాంటెన్నాతో ఉచితంగా వచ్చే ఛానళ్లలో ఇదొకటి. దీనికంటూ విడిగా చందా లేదు. ఇంట్లో టీవీ ఉన్నవారు దాదాపు అందరూ ఏడాదికి 160 యూరోల లైసెన్సు రుసుము ఎలాగూ చెల్లించాలి. ఛానల్‌కు ప్రభుత్వ నిధులు, ప్రకటనల ఆదాయం కూడా ఉన్నాయి. ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ చూసే ప్లేయర్ సేవకు పైసా ఖర్చు లేదు. చాలా కార్యక్రమాలను ఐర్లండ్ బయట నుంచి, అంటే హైదరాబాద్ నుంచి కూడా, చూడవచ్చు. ప్రసార హక్కుల కారణంగా క్రీడలు మాత్రం అన్నీ అన్నిచోట్లా అందవు.

ఈ ఛానల్‌ను అర్థం చేసుకోవాలంటే అది ఎవరి కోసం పుట్టిందో తెలియాలి, ఆ విషయంలోనే మొదటి నుంచీ పేచీ ఉంది. ఐరిష్ నేటికీ ఇంటి భాషగా మిగిలిన పల్లె ప్రాంతాలను గేల్తాక్ట్ అంటారు. గాల్వే, డొనెగాల్, కెర్రీ, మేయో వంటి పడమటి కౌంటీల తీరం వెంబడి ఇవి ఎక్కువగా ఉన్నాయి. డబ్లిన్ పాలకులు తమ భాషను పొగుడుతూ తమ బతుకును పట్టించుకోవడం లేదన్న కోపంతో 1969లో అక్కడ పౌర హక్కుల ఉద్యమం లేచింది. ఉద్యమకారులు 1970లో గాల్వే కౌంటీలోని కనెమారాలో అనుమతి లేని రేడియో నడిపారు. రెండేళ్లకు ప్రభుత్వమే గేల్తాక్ట్ కోసం రేడియో కేంద్రం ప్రారంభించింది. 1987లో రాస్ మక్ అనే ఊరి నుంచి అదే పద్ధతిలో అనుమతి లేకుండా టీవీ ప్రసారం చేసి చూపించారు. అయితే ప్రభుత్వం దిగివచ్చేసరికి వాదం రెండు పాయలైంది. ఈ ఛానల్ గేల్తాక్ట్ ప్రజల సొంత ఛానల్‌గా, వారి ఊళ్ల కబుర్లతో, వారి యాసతో ఉండాలని ఒక వర్గం కోరింది. ఐరిష్ దేశమంతటి భాష గనుక దేశమంతా చూసే జాతీయ ఛానల్ కావాలని మరొక వర్గం పట్టుబట్టింది. చివరికి రాజీ కుదిరింది. తర్వాతి కాలంలో దేశాధ్యక్షుడైన మైకెల్ డి. హిగిన్స్ సాంస్కృతిక మంత్రిగా ఉండగా, 1996 అక్టోబర్ 31 రాత్రి ఛానల్ మొదలైంది. కార్యాలయం కనెమారా తీరంలోని బాల్యే నా హౌన్‌లో పెట్టారు. ప్రేక్షకులను దేశమంతటా వెతుక్కున్నారు. ఈనాటికీ టీజీ4లో నచ్చేవీ నచ్చనివీ దాదాపుగా అన్నీ ఆ రాజీ దగ్గరికే వెళ్లి తగులుతాయి.

జనాభా లెక్కలు చూస్తే ఆ రెండు వర్గాల వాదనా తీసిపారేయదగినది కాదని తెలుస్తుంది. 2022 లెక్కల ప్రకారం ఐర్లండ్ రిపబ్లిక్‌లో మూడేళ్లు దాటినవారిలో 18,73,997 మంది, అంటే దాదాపు నూటికి నలభై మంది, తమకు ఐరిష్ వచ్చునని రాయించుకున్నారు. కానీ బడి బయట రోజూ మాట్లాడేవారు 71,968 మంది మాత్రమే. వారిలోనూ గేల్తాక్ట్ ప్రాంతాల్లో ఉన్నవారు 20,261 మంది. మన దగ్గర ఒక మండలంలోనే ఇంతకన్నా ఎక్కువ జనం ఉంటారు. ఒక జాతీయ ఛానల్ ఇరవై వేల మంది కోసం నడవాలా, తమకు భాష వచ్చునని చెప్పుకోవడానికి ఇష్టపడే పద్దెనిమిది లక్షల మంది కోసం నడవాలా? భాష పేరుతో రాష్ట్రం తెచ్చుకుని, అదే భాష మాట్లాడుతూ 2014లో రెండు రాష్ట్రాలైన మనకు, భాషా, అస్తిత్వమూ ఒకే కొలతకు రావన్న సంగతి కొత్తది కాదు. కానీ మనం ఎన్ని ముక్కలైనా తెలుగు మాట్లాడేవారికి కొదవ లేదు. ఐర్లండ్‌లో దేశం నిలిచింది, భాష చాలావరకు జారిపోయింది.

ఎలా జారిపోయిందన్నది పెద్ద కథ. 1831 నుంచి వచ్చిన జాతీయ పాఠశాలల్లో చదువు ఇంగ్లీషులో సాగింది. 1845లో మొదలైన మహా క్షామంలో సుమారు పది లక్షల మంది చనిపోయారు, అంతకు తక్కువ కాని సంఖ్యలో వలస పోయారు. ఆ దెబ్బ ఐరిష్ మాట్లాడే పడమటి పేదల మీదే ఎక్కువగా పడింది. అయితే నేరమంతా పరాయి పాలకులదే అనడానికీ లేదు. ఐరిష్ మాతృభాషగా పెరిగి, కాథలిక్కుల రాజకీయ హక్కులను సాధించిన నాయకుడు డేనియల్ ఓ'కానెల్, ఇంగ్లీషు వల్ల కలిగే ప్రయోజనం దృష్ట్యా ఐరిష్ క్రమంగా వాడుక తప్పిపోతున్నా తనకు విచారం లేదని బహిరంగంగానే అన్నాడు. దానికి భిన్నంగా, ప్రొటెస్టెంటు మతాధికారి కుమారుడైన డగ్లస్ హైడ్ 1893లో మిత్రులతో కలిసి గేలిక్ లీగ్ స్థాపించి, భాష పోతే జాతి ఇంగ్లండుకు నకలుగా మిగులుతుందని ప్రచారం చేశాడు. మతాలకు అతీతంగా అందరికీ ఉమ్మడిగా ఉండవలసిన ఆ సంస్థ స్వాతంత్ర్య రాజకీయాల్లోకి వెళ్లినప్పుడు, 1915లో, ఆయన అధ్యక్ష పదవి వదులుకున్నాడు; 1938లో దేశానికి తొలి అధ్యక్షుడయ్యాడు. స్వతంత్ర రాజ్యం ఐరిష్‌ను రాజ్యాంగంలో జాతీయ భాషగా, మొదటి అధికార భాషగా కూర్చోబెట్టింది. 1973 దాకా ఐరిష్‌లో ఉత్తీర్ణులు కాకపోతే పాఠశాల చివరి పరీక్ష మొత్తం తప్పినట్టే. దాన్ని వ్యతిరేకిస్తూ 1960లలో భాషా స్వేచ్ఛా ఉద్యమం నడిచింది, వారి సభలో గొడవలు కూడా జరిగాయి. ఐరిష్ వాడినని చెప్పుకోవడానికి ఐరిష్ రావాలా అన్న ప్రశ్నకు అప్పుడూ ఏకాభిప్రాయం రాలేదు, ఇప్పుడూ లేదు.

టీజీ4 చేసిన తెలివైన పని ఏమిటంటే, ఆ ప్రశ్నను తెర మీద అడగకపోవడం. పరీక్షలు, పాత పాఠ్యపుస్తకాలు, దేశభక్తి ఉపన్యాసాలు కలిసి ఐరిష్‌కు అంటించిన విసుగును వదిలించడానికి మొదటి నుంచీ యువ వ్యాఖ్యాతలను, వేగాన్ని, హాస్యాన్ని ముందుకు తెచ్చింది. నేను చూసినంతలో, నువ్వు ఈ భాష నేర్చుకోవడం నీ బాధ్యత అని ఈ ఛానల్ ఒక్కసారి కూడా ఉపదేశించలేదు. భాషా సేవ పేరుతో పెట్టిన ఛానల్ పాటించిన ఈ సంయమనం చిన్నదేమీ కాదు.

ఛానల్‌కు పట్టుగొమ్మ లాంటి ధారావాహిక రొస్ నా రూన్. 1996 నుంచి స్పిడ్డాల్ దగ్గర చిత్రీకరిస్తున్న ఈ కథలో కల్పిత గ్రామం, అందులో పబ్బు, అత్యాశలు, అక్రమ సంబంధాలు, అప్పులు, అప్పుడప్పుడు ఒక హత్య ఉంటాయి. మన సాయంకాలపు సీరియళ్లకు అలవాటు పడినవారికి నడక కాస్త నెమ్మదిగా అనిపించవచ్చు. నటన మాత్రం మెరుగు. ఇందులో భాషాపరమైన విశేషం ఒకటుంది. మన్‌స్టర్, కానక్ట్, ఆల్స్టర్ ప్రాంతాల మాండలికాలు మాట్లాడే పాత్రలన్నీ ఒకే ఊళ్లో బతుకుతాయి. నిజజీవితంలో ఆ ఊరు ఉండదు. అయినా బడిలో ప్రామాణిక ఐరిష్ మాత్రమే విన్న పిల్లలకు, భాషకు ఇన్ని గొంతులున్నాయని తెలియడం మేలే. డాక్యుమెంటరీలు ఈ ఛానల్‌కు ఇంకా పెద్ద బలం. సంప్రదాయ సంగీతం, మత్స్యకారుల జీవితం, వలసలు, అంతర్యుద్ధ కాలపు చరిత్ర మీద తీసిన చిత్రాలు కొన్ని ఏ దేశపు ఛానల్‌లోనైనా నిలబడతాయి. కార్యక్రమాల్లో ఎక్కువ భాగం స్వతంత్ర నిర్మాతలతో చేయించడం వల్ల గాల్వే పరిసరాల్లో చిన్న నిర్మాణ సంస్థలు పుట్టాయి. సినిమా నిర్మాణానికి ఛానల్ భాగస్వామిగా నడిపే పథకం నుంచి వచ్చిన చిత్రమే 2023లో ఆస్కార్ ఉత్తమ అంతర్జాతీయ చిత్రం విభాగంలో నామినేషన్ పొందిన తొలి ఐరిష్ భాషా చిత్రం.

ఇక అసలు చిక్కు దగ్గరికి వద్దాం. టీజీ4 కార్యక్రమాల్లో అధిక భాగానికి ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు ఉంటాయి. నాబోటి ప్రేక్షకుడికి అవి లేకపోతే ఛానల్ లేనట్టే. భాష కొద్దిగా వచ్చిన ఐరిష్ వారికి కూడా అవి ధైర్యం. కానీ కాసేపు చూశాక మన కళ్లు ఏం చేస్తున్నాయో గమనిస్తే సంగతి బయటపడుతుంది: చెవికి ఐరిష్ వినిపిస్తూనే ఉంటుంది, బుద్ధి ఇంగ్లీషు చదువుతూ ఉంటుంది. అరగంట తర్వాత కథ అంతా గుర్తుంటుంది, ఐరిష్ మాట ఒక్కటీ మిగలదు. సబ్‌టైటిళ్లు తీసేసే వీలు లేకుండా బొమ్మలోనే అచ్చయి వచ్చే కార్యక్రమాలు ఉండడం గురించి భాషాభిమానులు ఎన్నో ఏళ్లుగా అభ్యంతరం చెబుతున్నారు. వారి బాధలో న్యాయం ఉంది. కనెమారాలో ఇంట్లో పుట్టినప్పటి నుంచీ ఐరిష్ మాట్లాడే ముసలమ్మ, తన ఊరి గురించి తన భాషలో వచ్చే కార్యక్రమాన్ని, అడుగున ఇంగ్లీషు అనువాదం నడుస్తుండగా చూడవలసి వస్తే, ఆ కార్యక్రమం తన కోసం తీసిందని ఆమెకు ఎలా అనిపిస్తుంది? దేశానికి తన భాష కనిపించాలన్న కోరిక తీరింది. ఆ భాషలో బతుకుతున్న మనిషి తన ఇంట్లోనే అతిథి అయింది.

ఇంగ్లీషు సబ్‌టైటిళ్లను నేను వద్దనను. అవి లేకపోతే ఛానల్ ప్రేక్షకుల సంఖ్య పడిపోతుంది, పడిపోతే నిధుల మీద ప్రశ్నలు లేస్తాయి, ఆ ప్రశ్నలకు జవాబు చెప్పలేని ఛానల్ ఇరవై వేల మందికి కూడా మిగలదు. కానీ ఎంపిక ప్రేక్షకుడి చేతిలో ఉండాలి. మొత్తంగా తీసేసే వీలు ఒకటి, ఐరిష్‌లోనే సబ్‌టైటిళ్లు చూసే వీలు మరొకటి ఇస్తే, నేర్చుకునేవారికి కలిగే మేలు ఇంతా అంతా కాదు. మూడు మాండలికాలు కలిసి పరుగెత్తే సంభాషణలో చెవికి అందని మాటను కంటితో పట్టుకోగలగడం విద్యార్థికి పాఠం కన్నా విలువైనది. ఈ దిశలో ఛానల్ చేస్తున్నది ఇంకా చాలదన్నది నా అభిప్రాయం.

పోలికకు గేల్తాక్ట్ రేడియోను తీసుకోవచ్చు. అది అనువాదం జోలికి పోదు. 2005 వరకు ఇంగ్లీషు సాహిత్యం ఉన్న పాటను కూడా ప్రసారం చేయలేదు. ఆ ఏడాది యువత కోసం రాత్రి కార్యక్రమం మొదలుపెట్టినప్పుడే ఆ నియమం సడలింది. మరణ వార్తలు, స్థానిక ఆటలు, ఊరి తగాదాలు అన్నీ అందులో వస్తాయి. బయటివాడికి అది మూసిన తలుపు. ఆ ఊరివాడికి సొంత వసారా. టీజీ4 తలుపులు బార్లా తీసింది, వసారా పోయింది. రెండూ ఉండడమే ఐర్లండ్ చేసిన మంచి పని అని ఒప్పుకోవాలి, కానీ టీవీకి వచ్చే గౌరవమంతా రేడియోకు రావడం లేదు.

తలుపు తీయడంలో టీజీ4 సాధించిన నిజమైన విజయం క్రీడల్లో కనిపిస్తుంది. ప్రత్యక్ష వ్యాఖ్యానానికి సబ్‌టైటిళ్లు ఉండవు, అవసరమూ పడదు. బంతి ఎక్కడుందో కనిపిస్తూనే ఉంటుంది గనుక వ్యాఖ్యాత అంటున్నది దాదాపుగా అర్థమవుతుంది. అంకెలు, దిక్కులు, గోల్, పాయింట్, తప్పు, గాయం వంటి మాటలు నాకు పుస్తకంలో కన్నా ఐర్లండ్ సొంత ఆట అయిన గేలిక్ ఫుట్‌బాల్ మ్యాచ్‌ల్లోనే వచ్చాయి. ఇతర ఛానళ్లు పట్టించుకోని రోజుల్లో మహిళల గేలిక్ ఫుట్‌బాల్‌ను తెర మీదికి తెచ్చి, ఏళ్ల తరబడి నిలబెట్టిన ఘనత కూడా ఈ ఛానల్‌దే. మ్యాచ్ ముగిశాక ఐరిష్ రాని క్రీడాకారిణితో ఇంగ్లీషులోనే మాట్లాడతారు. ఆమెను తక్కువ చేయరు, నటించమని అడగరు. భాష గురించిన ఉపన్యాసాలు వందేళ్లుగా చేయలేని పనిని ఈ మర్యాద చేస్తోందని నాకు అనిపిస్తుంది.

రాజకీయాల్లో ఛానల్ సాధించిన గొప్ప క్షణం 2011 ఎన్నికలది. ఎండా కెన్నీ, మీహాల్ మార్టిన్, ఏమన్ గిల్మోర్ అనే ముగ్గురు పార్టీ నాయకులు టీజీ4లో పూర్తిగా ఐరిష్‌లో చర్చకు కూర్చున్నారు; దేశ చరిత్రలో పార్టీ నాయకుల చర్చ ఐరిష్‌లో జరగడం అదే మొదలు. రాజ్యాంగం మొదటి అధికార భాష అని పేర్కొన్న దానిలో ఇలాంటి చర్చ జరగడానికి డెబ్బై ఏళ్లు పైనే పట్టిందన్నది వేరే విషయం. ఆర్థిక సంక్షోభంలో దేశం మునిగి ఉన్న సమయంలో బ్యాంకుల గురించీ అప్పుల గురించీ ఆ భాషలో వాదించుకోవచ్చునని అది చూపించింది. ఐరోపా సమాఖ్యలో ఐరిష్ 2007లో అధికార భాష కావడం, 2022 జనవరి నుంచి పూర్తి స్థాయి పొందడం పత్రికల్లో పెద్ద వార్తలైనా, భాష పని చేస్తుందన్న నమ్మకాన్ని ఇలాంటి ఒక చర్చ ఎక్కువగా కలిగిస్తుంది.

ప్రకటనల విషయంలో మాత్రం ఛానల్ పరిస్థితి కొంత విచిత్రం. ఐరిష్ కార్యక్రమం మధ్యలో సబ్బులూ కార్లూ ఇంగ్లీషులో వచ్చిపడతాయి. ప్రభుత్వ సంస్థల ప్రకటనల్లో కనీసం ఐదో వంతు ఐరిష్‌లో ఉండాలని 2021 చట్టం చెప్పినందువల్ల ఆరోగ్యం, పన్నుల వంటి ప్రకటనలు ఐరిష్‌లో వినిపిస్తున్నాయి. ప్రైవేటు వ్యాపారాన్ని చట్టం ఏమీ చేయలేదు. వారాంతాల్లో వేసే పాత కౌబాయ్ సినిమాలు కూడా ఇంగ్లీషువే. వాటికంటూ నమ్మకమైన ప్రేక్షకులున్నారని చెబుతారు, నేను మాత్రం రిమోట్ అందుకుంటాను.

ఉత్తర ఐర్లండ్‌లో ఇదే ఛానల్ వేరే వెలుగులో కనిపిస్తుంది. దక్షిణాన ఐరిష్ అంటే చాలామందికి బడి జ్ఞాపకం. ఉత్తరాన అది ఏ పక్షమో తెలిపే గుర్తు. 2016 చివర్లో పేద పిల్లలను గేల్తాక్ట్ వేసవి శిబిరాలకు పంపే యాభై వేల పౌండ్ల చిన్న నిధిని ఒక యూనియనిస్టు (ఉత్తర ఐర్లండ్ బ్రిటన్‌తోనే ఉండాలనే పక్షం) మంత్రి రద్దు చేయడం, స్టోర్మాంట్‌లోని ఉత్తర ఐర్లండ్ ప్రాంతీయ ప్రభుత్వం కూలడానికి ముందు చెలరేగిన వివాదాల్లో ఒకటి; తర్వాత ఆ నిధిని పునరుద్ధరించినా మూడేళ్ల ప్రతిష్టంభనలో భాషా చట్టం ప్రధాన పేచీగా నిలిచింది. చివరికి 2022 డిసెంబర్‌లో లండన్ పార్లమెంటే చట్టం చేసి, 1737 నుంచి కోర్టుల్లో ఐరిష్‌ను నిషేధించిన శాసనం రద్దుకు దారి వేసింది. మరోవైపు యూనియనిస్టుల కోట అయిన తూర్పు బెల్ఫాస్ట్‌లో 2011 నుంచి టురస్ అనే కేంద్రం ప్రొటెస్టెంట్లకు ఐరిష్ నేర్పుతోంది. హైడ్ వారసత్వాన్ని నిజంగా మోస్తున్నది వారేనేమో. టీజీ4 డాక్యుమెంటరీల్లో ఇలాంటి గొంతులు అప్పుడప్పుడు వినిపిస్తాయి కానీ, ఉత్తరపు యూనియనిస్టు ప్రేక్షకుడు ఈ ఛానల్ పెట్టుకుంటే తనను తాను ఎంతసేపు చూసుకోగలడన్నది అనుమానమే. శాంతి ఒప్పందం సిగ్నల్ సంగతి చూసింది. మిగిలింది ఛానల్ చేయవలసిన పని.

ఐర్లండ్‌లో పిల్లలు పెంచుతున్న తెలుగు కుటుంబాలకు ఒక మాట. పన్నెండేళ్లు దాటాక విదేశం నుంచి వచ్చి బడిలో చేరిన పిల్లలకు ఐరిష్ నుంచి మినహాయింపు కోరే వీలుంది. ఇక్కడే పుట్టినవారికి, చిన్నప్పుడే వచ్చినవారికి ఆ దారి లేదు. ఇంట్లో సాయం చేసేవారు లేక ఆ సబ్జెక్టు పిల్లలకు బరువవుతుంది. 2023లో టీజీ4 పిల్లల కోసం విడిగా ప్రారంభించిన కూలా4 ఛానల్ ఇక్కడ అక్కరకొస్తుంది. తెలిసిన కార్టూన్లే ఐరిష్ డబ్బింగులో వస్తాయి, కథ ముందే తెలుసు గనుక పిల్లలు అనువాదం కోసం వెతకరు. తెలుగు, ఇంగ్లీషు మధ్య రోజూ దూకుతూ ఉండే మన పిల్లలకు మూడో భాష అంత భయం కాదు. భయం తల్లిదండ్రులదే.

బేరీజు వేస్తే, ఐదింటికి నాలుగు మార్కులు వేస్తాను. కోత సబ్‌టైటిళ్ల నిర్బంధానికి, గేల్తాక్ట్ ఊళ్ల దైనందిన జీవితానికి తెర మీద దక్కుతున్న తక్కువ చోటుకు. కొత్తగా చూడబోయేవారు సీరియల్‌తో కాక, వేసవిలో మహిళల ఫుట్‌బాల్ మ్యాచ్‌తో మొదలుపెట్టడం మంచిది. ఆట నియమాలు పది నిమిషాల్లో పట్టుబడతాయి, వ్యాఖ్యాత చెప్పేది మొదటి అర్ధభాగం ముగిసేలోపే కొంత అందుతుంది. డాక్యుమెంటరీలకు ప్లేయర్ వాడుకోండి. వార్తలు ఆరు నెలల తర్వాత చూసుకోవచ్చు.